అమ్మానాన్నలకు ఏ ఆశ్రమం? రాత్రి డ్యూటీని బట్టి నాలుగు రకాల పోలిక

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం శివార్లలో వృద్ధాశ్రమం అన్న ఒకే బోర్డు వెనుక నాలుగు వేర్వేరు రకాల సంస్థలు నడుస్తున్నాయి. దాతల సొమ్ముతో సాగే ట్రస్టు ఆశ్రమం ఒకటి. కాలనీలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని నెలనెలా డబ్బు కట్టించుకునే ప్రైవేటు ఆశ్రమం రెండోది. సొంతానికో లీజుకో ఫ్లాటు ఇచ్చే సీనియర్ లివింగ్ సముదాయం మూడోది. మంచాన పడ్డవారిని, డిమెన్షియా (తీవ్రమైన మతిమరుపు వ్యాధి) ఉన్నవారిని చేర్చుకునే నర్సింగ్ కేర్ కేంద్రం నాలుగోది. వీటిలో దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోవలసిన కుటుంబానికి సాధారణంగా వ్యవధి ఉండదు. తుంటి ఆపరేషన్ అయిన తల్లిని ఎల్లుండి డిశ్చార్జ్ చేస్తామని ఆస్పత్రివారు చెప్పిన తరువాతనో, ఇంట్లో ఉండి చూసుకుంటున్న మనిషి పండగకు ఊరెళ్ళి తిరిగి రాకపోయినప్పుడో, డాలస్ నుంచి వచ్చిన కొడుకు సెలవు అయిపోవస్తున్నప్పుడో వెతుకులాట మొదలవుతుంది. ఆ తొందరలో కంటికి కనిపించేవి గది, తోట, భోజనాల హాలు, పూజామందిరం. ఇవన్నీ పగటిపూట చూసేవి. సిబ్బంది పలచబడేదీ, మేనేజరు ఇంటికి వెళ్ళేదీ, పెద్దవారు బాత్రూమ్‌కు లేచి చీకట్లో తడుముకునేదీ రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున ఆరు గంటల మధ్య. అందువల్ల ఈ నాలుగు రకాలనూ ప్రధానంగా ఆ తొమ్మిది గంటలను బట్టే పోల్చడం మంచిదని నా అభిప్రాయం.

ఈ పరిశీలన ప్రభుత్వం చేయకుండా కుటుంబమే ఎందుకు చేసుకోవాలని అడగవచ్చు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పేద వృద్ధుల కోసం జిల్లాకు ఒక్కటైనా, కనీసం 150 మందికి చోటుండే ఆశ్రమం నెలకొల్పే వీలును రాష్ట్రాలకు కల్పించింది. అయితే ప్రైవేటు ఆశ్రమంలో రాత్రిపూట ఎంతమంది ఉండాలో, వారిలో నర్సు ఉండాలో లేదో ఆ చట్టం చెప్పలేదు. ఆశ్రమాలకూ, ఇళ్ళకు కేర్‌టేకర్లను పంపే ఏజెన్సీలకూ రిజిస్ట్రేషన్‌ను, కనీస ప్రమాణాలను తప్పనిసరి చేస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు చట్టరూపం దాల్చకుండానే ఆ సభ కాలపరిమితితో పాటు మురిగిపోయింది. రిటైర్మెంట్ హోముల కోసం కేంద్ర గృహనిర్మాణ శాఖ అదే సంవత్సరం విడుదల చేసిన మార్గదర్శకాలు నమూనాలే తప్ప శాసనాలు కావు. కాబట్టి ఆఫీసు గోడకు తగిలించిన సర్టిఫికెట్ సొసైటీ రిజిస్ట్రేషనో, ట్రేడ్ లైసెన్సో అయ్యుండే అవకాశమే ఎక్కువ. వాటిలో ఏదీ లోపల సంరక్షణ ఎలా ఉందో చెప్పదు.

ముందుగా చూడవలసిన అంశాలు

*రాత్రి మనుషులు.* "మీ దగ్గర స్టాఫ్ ఎంతమంది?" అని అడిగితే వంటమనిషినీ, వాచ్‌మన్‌నూ, డ్రైవరునూ కలిపి ఒక అంకె చెబుతారు. అడగవలసిన తీరు వేరు. నిన్న రాత్రి డ్యూటీలో ఉన్న ఆయాలు, అటెండెంట్లు ఎందరు, వారిలో మెలకువగా ఉండవలసినవారు ఎవరు, వారు ఏ అంతస్తులో కూర్చుంటారు, వారి చేతి కింద మంచాన పడ్డవారు ఎంతమంది? ఈ నాలుగూ తెలిస్తే మిగతాది లెక్క. తనంతట తాను ఒత్తిగిల్లలేని మనిషికి పడక పుండ్లు రాకుండా ఉండాలంటే దాదాపు ప్రతి రెండు గంటలకూ పక్క మార్చాలి. డైపర్ చూసి, తుడిచి, పక్క మార్చి, నాలుగు గుటకల నీళ్ళు పట్టించడానికి ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు వేసుకున్నా, అలాంటివారు ఎనిమిది మంది ఉంటే ఒక ఆయాకు అచ్చంగా రెండు గంటలు పడుతుంది. ఎనిమిదో మంచం దగ్గర పని ముగిసేసరికి మొదటి మంచం వేళ మళ్ళీ వచ్చేస్తుంది. మధ్యలో ఆమె కాసేపు కూర్చోవడానికి లేదు, పై అంతస్తులో బెల్ మోగడానికి వీల్లేదు. పైగా బరువైన మనిషిని ఒక్కరు తిప్పలేరు. రిజిస్టరు నిండా టిక్కులు ఉన్నా సరే, ఇలాంటిచోట కొందరికి పక్క మార్చడం జరగడం లేదని ఈ కూడికే తేల్చి చెబుతుంది.

ఆశ్రమాల్లో 'సిస్టర్' అని పిలవబడేవారందరూ నర్సులు కారు. నర్సింగ్ చదువుల్లో జీఎన్ఎం మూడేళ్ళ కోర్సు, ఏఎన్ఎం రెండేళ్ళ కోర్సు. నర్సుగా పనిచేసేవారికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అది అడగడంలో అమర్యాద ఏమీ లేదు. కొన్ని నెలల శిక్షణతో వచ్చిన అటెండెంట్ స్నానం చేయించడంలో, అన్నం పెట్టడంలో ఎంతో నేర్పు చూపవచ్చు. అర్ధరాత్రి షుగర్ పడిపోతే ఏం చేయాలో, ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో ఆ మనిషి మీద వదిలేసినప్పుడే చిక్కు వస్తుంది.

*పడిపోవడం.* అరవై అయిదేళ్ళు పైబడినవారిలో ఏటా 28 నుంచి 35 శాతం మంది ఒక్కసారైనా పడిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి ముప్ఫై మంది ఉండే చోట "మా దగ్గర ఎవరూ పడలేదండీ" అన్న జవాబు వినిపిస్తే, జరిగినవి రాసుకోవడం లేదని అనుమానించాలి. ఎవరు, ఏ వేళ, ఎక్కడ పడ్డారు, తరువాత ఏం మార్చారు అన్న నాలుగు గడుల పుస్తకం ఉన్న ఆశ్రమం నిజాయితీ గల ఆశ్రమం. భవనం సంగతికొస్తే, మంచం దగ్గర నుంచి బాత్రూమ్ దాకా మీరే నడిచి చూడండి. దారిలో రాత్రంతా వెలిగే చిన్న లైటు ఉందా, గడప కాలికి తగులుతుందా, కమోడ్ పక్కన ఉన్నది గోడలోకి గట్టిగా బిగించిన కడ్డీయా లేక తువ్వాలు ఆరేసుకునే రాడ్డా, గొళ్ళెం బయటి నుంచి తీయవచ్చా? బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకునేదైతే, లోపల పడిన మనిషి శరీరమే తలుపుకు అడ్డమై, తీయడానికి వీలుండదు. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది మన దేశంలో పాటించే నియమం. చాలాచోట్ల మెట్ల మీద సిమెంటు పోసి ర్యాంపు అంటున్నారు. దాని మీద వీల్‌చెయిర్‌ను దించేటప్పుడు చూస్తే తేడా తెలుస్తుంది.

*మందులు, తిండి, బరువు.* ఆస్పత్రి నుంచి వచ్చిన ప్రతిసారీ మందుల జాబితా మారుతుంది. పాత స్ట్రిప్పులు డబ్బాలో ఉండిపోయి రెండూ కలిపి ఇచ్చేయడం చాలా సులభంగా జరిగే పొరపాటు. ఒక్కొక్కరికి విడిగా చార్టు ఉందా, ఇచ్చినవారు ఎదురుగా సంతకం పెడుతున్నారా అన్నది చూడాలి. తిండి విషయంలో మెనూ కన్నా వేళలు ముఖ్యం. వంటమనిషిని త్వరగా పంపేయడానికి కొన్నిచోట్ల సాయంత్రం ఆరున్నరకే రాత్రి భోజనం పెట్టేసి, మళ్ళీ ఉదయం ఎనిమిదిన్నరకు ఇడ్లీ పెడతారు. మధ్యలో పద్నాలుగు గంటల ఖాళీ. ఇన్సులిన్ వాడే మనిషికి ఈ ఖాళీలో షుగర్ 70 కన్నా కిందికి జారితే, నిద్రలో ఉన్నారనుకుని ఎవరూ పట్టించుకోకపోవచ్చు. పడుకునే ముందు పాలో జావో ఇస్తారా అన్న చిన్న ప్రశ్నకు ఇంత బరువు ఉంది. పక్షవాతం వచ్చినవారికి, డిమెన్షియా ముదిరినవారికి తింటుండగా పొలమారి అన్నం మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. వారిని నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలతో తినిపించి, ఆ తరువాత అరగంట దాకా పడుకోబెట్టకూడదు. భోజనం వేళ వెళ్ళి ఒక ఆయా ఎంతమందికి తినిపిస్తోందో చూస్తే చాలు. వీటన్నిటి ఫలితం నెలనెలా రాసే బరువులో కనిపిస్తుంది. నెలలో అయిదు శాతం, ఆరు నెలల్లో పది శాతం తగ్గితే డాక్టరు చూడవలసిన విషయం. బరువు చూసే మిషనే లేని ఆశ్రమంలో ఆ సంగతి బట్టలు వదులైన తరువాతే తెలుస్తుంది.

*నిప్పు, కరెంటు.* 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ చికిత్సా కేంద్రంగా మార్చిన ఒక హోటలులో తెల్లవారుజామున మంటలు చెలరేగి పది మంది చనిపోయారు. ఒక అవసరానికి కట్టిన భవనాన్ని ఇంకో అవసరానికి వాడుకున్నప్పుడు, అందులో ఉన్నవారు తమంతట తాము పరుగెత్తలేనివారైనప్పుడు ఏమవుతుందో అది చూపించింది. కాలనీల్లోని ఆశ్రమాలు చాలావరకు ఇలా మార్చుకున్న ఇళ్ళే. రెండో దారి ఉందా, కిటికీ గ్రిల్లుల్లో తెరవగలిగేది ఒక్కటైనా ఉందా, రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, కదల్లేనివారిని కింది అంతస్తులో ఉంచారా అన్నవి అడగండి. కరెంటు పోతే ఎయిర్ బెడ్‌లో గాలి నిలవదు, ఆక్సిజన్ మిషన్ ఆగిపోతుంది. మే నెల రాత్రుల్లో ఫ్యాను లేకపోవడమే ఒక ప్రమాదం. జనరేటరును ఒకసారి ఆన్ చేసి చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు.

*మర్యాద.* దీనికి కొలబద్ద లేదంటారు కానీ ఉంది. "మామ్మగారూ", "తాతగారూ" అని పిలుస్తున్నారా, "ఏయ్ ముసలీ, ఇటు జరుగు" అంటున్నారా అన్నది పది నిమిషాలు వరండాలో కూర్చుంటే చెవిన పడుతుంది. ఆడవారికి పేలు పడతాయని, దువ్వే ఓపిక లేదని అడగకుండానే జుట్టు పొట్టిగా కత్తిరించేస్తారు కొన్నిచోట్ల. చేరే ముందే ఈ సంగతి మాట్లాడుకోవాలి. రాత్రి లేచి తిరుగుతున్నారని చేతులు మంచానికి కట్టడం, డాక్టరు రాయని నిద్రమాత్రలు వేయడం సిబ్బంది తక్కువైనచోట జరిగే పనులు. ఇక్కడ కూడా మూలం రాత్రి డ్యూటీలోనే ఉంది. మెలకువగా ఒక మనిషి ఉంటే కట్టవలసిన అవసరం చాలా సందర్భాల్లో రాదు.

నాలుగు రకాలు, ఒక్కొక్కటిగా

*ట్రస్టు ఆశ్రమాలు.* వీటిలో కొన్ని దశాబ్దాలుగా నడుస్తున్నవి, మరికొన్ని కేంద్రం అటల్ వయో అభ్యుదయ్ యోజన కింద ఇచ్చే గ్రాంటుతో నడిచేవి. గ్రాంటు తీసుకునే ఆశ్రమానికి తనిఖీలు, లెక్కలు, నివసించేవారి జాబితాలు ఉంటాయి కాబట్టి కాగితాల వరకు ఇవి ప్రైవేటువాటికన్నా మెరుగ్గా ఉండవచ్చు. సమయానికి భోజనం, నలుగురి తోడు, భజన, పండగలు వీటి బలం. ఎక్కువకాలంగా పనిచేసే సిబ్బంది ఉంటే మనుషుల పేర్లే కాదు, ఎవరికి ఏ కూర పడదో కూడా వారికి తెలుస్తుంది. బలహీనత రాత్రిపూట బయటపడుతుంది. చాలావాటిలో చేరడానికి షరతే 'తన పనులు తాను చేసుకోగలగాలి' అన్నది. నడవగలిగిన అరవై ఎనిమిదేళ్ళ మనిషి చేరి, డెబ్బై అయిదేళ్ళకు మంచాన పడితే ఏమవుతుందని అడిగితే, కొన్ని ఆశ్రమాలు చివరిదాకా చూస్తామంటాయి, కొన్ని బంధువులకు ఫోన్ చేస్తామంటాయి. ఏది అయినా రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆశ్రమంలో ఉండేవారే అటెండెంట్లుగా మారి, పక్క మంచంలోని కాస్త ఓపికున్న పెద్దాయనే రాత్రి నీళ్ళు అందించే పరిస్థితి కూడా ఈ రకంలో ఉంటుంది. ఆదుకునే గుణంగా అది గొప్పదే, భద్రతా ఏర్పాటుగా లెక్కలోకి రాదు. ఆస్తి రాసిస్తే జీవితాంతం చూసుకుంటామనే ప్రతిపాదన ఎవరు తెచ్చినా, ఎంత పేరున్న సంస్థ అయినా, న్యాయవాది చూడకుండా సంతకం పెట్టకూడదు.

*కాలనీలోని ప్రైవేటు ఆశ్రమాలు.* మధ్యతరగతి కుటుంబాలు ఎక్కువగా చేరేది ఇక్కడే, ఒకదానికీ ఇంకొకదానికీ తేడాలు ఎక్కువగా ఉండేదీ ఇక్కడే. పన్నెండు మందితో, యజమానురాలు పై అంతస్తులోనే కాపురం ఉంటూ నడిపే ఆశ్రమం నాలుగు రకాల్లోనూ అత్యుత్తమం కావచ్చు. రాత్రి రెండింటికి ఎవరైనా దగ్గితే వినిపించే దూరంలో బాధ్యత గల మనిషి ఉంటారు కదా. అదే యజమాని నాలుగు బ్రాంచీలు తెరిచి మేనేజర్ల మీద వదిలేస్తే, ఆ బోర్డుకు ఆ బోర్డే ఉంటుంది, లోపలి మనిషి మారిపోతాడు. కాబట్టి ఈ రకంలో పేరును కాక ఆ ఫలానా ఇంటినే అంచనా వేయాలి. ఇంకో చిక్కు, కలగాపులగం. నడిచేవారిని, మంచాన పడ్డవారిని, డిమెన్షియా ఉన్నవారిని ఒకే హాల్లో ఉంచడం వల్ల ముగ్గురికీ నష్టమే. రాత్రంతా కేకలు వేసే మనిషి పక్కన మీ అమ్మగారికి నిద్ర పట్టదు, ఆ మనిషికీ కావలసిన ప్రశాంతత దొరకదు. ఖర్చు విషయంలో ప్రకటించిన నెలసరి మొత్తం కన్నా దానికి బయట ఉన్నవే ఎక్కువ బరువు: డైపర్లు, ప్రత్యేక ఆయా, ఫిజియోథెరపీ, ఆస్పత్రికి తోడు వెళ్ళే మనిషి రోజు కూలి. గత మూడు నెలల్లో ఇలాంటి స్థితిలో ఉన్న ఒకరికి వేసిన పూర్తి బిల్లు, పేరు కొట్టేసి, చూపించమనండి.

*సీనియర్ లివింగ్ సముదాయాలు.* ఆరోగ్యంగా ఉన్న దంపతులకు ఇవి హాయి. లిఫ్టులు, కడ్డీలు, ర్యాంపులు, ఎమర్జెన్సీ బటన్ మొదటి నుంచే ప్లానులో ఉంటాయి కాబట్టి పడిపోయే ప్రమాదం, నిప్పు ప్రమాదం విషయంలో భవనం మెరుగు. అయితే కొనేది ఫ్లాటును, కావలసింది సేవను అన్న తేడాను చాలామంది కొన్న తరువాత గమనిస్తారు. ప్రాజెక్టు తెలంగాణ రెరాలోనో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఆంధ్రప్రదేశ్ రెరాలోనో నమోదై ఉంటే కట్టడం, అప్పగింత విషయంలో రక్షణ ఉంటుంది. వంటశాల నడిపేది, రాత్రి నర్సును పెట్టేది మాత్రం వేరే నిర్వహణ సంస్థ కావచ్చు. ఆ సంస్థ మధ్యలో తప్పుకుంటే ఎవరు బాధ్యులో చూడండి. 2019 నమూనా మార్గదర్శకాలు బిల్డరు, సేవలందించే సంస్థ, కొనేవారు ముగ్గురూ కలిసి ఒప్పందం చేసుకోవాలన్నది ఇందుకే. రాత్రి బటన్ నొక్కితే ఎవరు వస్తారన్నది రెండో ప్రశ్న. సెక్యూరిటీ గార్డు వచ్చి అంబులెన్స్‌కు ఫోన్ చేయడం ఒక స్థాయి, నర్సు వచ్చి బీపీ, షుగర్ చూడడం ఇంకొక స్థాయి. మంచాన పడితే అదే సముదాయంలో కేర్ విభాగానికి మార్చే వీలుందా, అక్కడ ఖాళీ దొరుకుతుందన్న హామీ ఉందా అన్నది మూడోది. ఆ విభాగం 'త్వరలో రాబోతున్నది' అయితే లేనట్టే లెక్క వేసుకోవడం క్షేమం.

*నర్సింగ్ కేర్, డిమెన్షియా కేంద్రాలు.* ముక్కు గొట్టంతో ఆహారం, కాథెటర్ (మూత్రం గొట్టం), పడక పుండ్ల డ్రెస్సింగ్ అవసరమైనప్పుడు మిగతా మూడు రకాల గురించి ఆలోచించడం వృథా. ఇక్కడ రోజంతా రిజిస్టర్డ్ నర్సు ఉండాలి, రోజు తప్పించైనా డాక్టరు రావాలి, దగ్గరి ఆస్పత్రితో ఒప్పందం ఉండాలి. వైద్యం చేస్తామని చెప్పే కేంద్రమైతే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి దగ్గర నమోదు చేసుకున్నదీ లేనిదీ అడగాలి. వీటి బలం ఎక్కడో బలహీనత కూడా అక్కడే. ఆస్పత్రి వాసన, ట్యూబ్‌లైట్లు, తెల్ల దుప్పట్లు, మాటా మంతీ లేని పగళ్ళు. శరీరం భద్రంగా ఉండి మనసు వాడిపోయే చోటు అవుతుందేమోనని గమనించాలి. డిమెన్షియా విషయం ప్రత్యేకం. మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ వ్యాధి ఉందని దేశవ్యాప్త వృద్ధుల సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా. ఈ వ్యాధిలో పొద్దు వాలేకొద్దీ ఆందోళన పెరగడం, ఇంటికి వెళ్ళాలని తలుపుల దగ్గర తచ్చాడడం సాధారణం. అందువల్ల డిమెన్షియా కేంద్రాన్ని చూడడానికి ఉదయం వెళ్ళి ప్రయోజనం లేదు, సాయంత్రం ఆరు తరువాత వెళ్ళాలి. అప్పుడు సిబ్బంది ఆ మనిషి చెయ్యి పట్టుకుని వరండాలో నడిపిస్తున్నారా, తలుపు వేసి టీవీ శబ్దం పెంచుతున్నారా అన్నది కళ్ళకు కనిపిస్తుంది. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఆందోళనను అణచడానికి వాడే కొత్త తరం యాంటీసైకోటిక్ మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. కొందరికి అవి అవసరమే కావచ్చు, కానీ ఎవరు రాశారు, ఎప్పుడు మళ్ళీ సమీక్షిస్తారు అన్న జవాబు లేకుండా నడవకూడదు.

ఇంట్లోనే ఉంచి ఏజెన్సీ ద్వారా కేర్‌టేకర్‌ను పెట్టుకోవడం అయిదో దారి. ఈ పోలికకు అది బయటిదైనా ఒక మాట చెప్పాలి: ఒక్క మనిషి ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటే రాత్రి డ్యూటీ లేనట్టే, ఎందుకంటే ఆమె కూడా నిద్రపోవాలి.

| చూడవలసినది | ట్రస్టు ఆశ్రమం | కాలనీ ప్రైవేటు ఆశ్రమం | సీనియర్ లివింగ్ | నర్సింగ్, డిమెన్షియా కేంద్రం |
|---|---|---|---|---|
| రాత్రి మెలకువగా ఉండేవారు | తరచు తక్కువ | ఇంటింటికీ తేడా, తప్పక ఆరా తీయాలి | సెక్యూరిటీ ఖాయం, నర్సు ఉండవచ్చు | ఉండి తీరాలి |
| బాత్రూమ్, ర్యాంపు, దారులు | పాత భవనమైతే ఇబ్బంది | మార్చిన ఇల్లు, జాగ్రత్త | సాధారణంగా మెరుగు | వీల్‌చెయిర్, స్ట్రెచర్ పట్టాలి |
| మందులు, ఇన్సులిన్ | స్వయంగా వేసుకోగలవారికి | చార్టు చూసి నిర్ణయించాలి | స్వయంగా, లేదా అదనపు రుసుముతో | నర్సు చేతుల మీదుగా |
| మంచాన పడితే | ముందే అడిగి రాయించుకోవాలి | ఉంచుకుంటారు, ఖర్చు పెరుగుతుంది | కేర్ విభాగం ఉంటేనే | ఇందుకే ఉన్నది |
| తోడు, కాలక్షేపం | బలం | చిన్నదైతే ఇంటి వాతావరణం | చాలా బలం | తరచు లోటు |
| డబ్బు చిక్కు | విరాళం పేరిట ఒత్తిడి | డిపాజిట్, అదనపు బిల్లులు | పెద్ద మొత్తం ముందే ఇరుక్కోవడం | నెలసరి భారం |

ఎవరికి ఏది నప్పుతుంది

డెబ్బై లోపు వయసుండి, ఇద్దరూ తిరగగలిగి, పెన్షన్ వస్తున్న దంపతులకు సీనియర్ లివింగ్ సరిపోతుంది. అయితే కొనడం కన్నా ముందు ఏడాది అద్దెకు ఉండి చూడడమే నా సలహా. వారిద్దరిలో ఒకరు పోయిన తరువాత మిగిలినవారికి అంత పెద్ద ఫ్లాటు, అంత దూరంలో, ఇంకా కావాలా అన్నది కొనేటప్పుడే మాట్లాడుకోవలసిన కష్టమైన మాట.

ఒంటరి తల్లి, నడవగలరు, షుగరూ బీపీ ఉన్నాయి, రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు అనుకుందాం. నిజంగా సందేహంలో పడేది ఈ కుటుంబమే. ఆమెకు నర్సింగ్ కేంద్రం అక్కర్లేదు, అక్కడ చేర్చితే నెలల్లోనే నడక తగ్గిపోవచ్చు. పెద్ద సముదాయంలో ఒంటరి గదిలో పడితే తెల్లారేదాకా ఎవరికీ తెలియకపోవచ్చు. యజమాని అక్కడే ఉండే చిన్న ప్రైవేటు ఆశ్రమం, గదిలో ఇద్దరు, బాత్రూమ్ గదికి ఆనుకుని ఉండటం, రాత్రి అదే అంతస్తులో ఆయా ఉండటం ఈమెకు తగిన ఏర్పాటు. విడిగది కావాలని పిల్లలు పట్టుబడతారు, తరచుగా అది పిల్లల మనశ్శాంతి కోసమే. పక్క మంచంలో ఇంకొకరు ఉండడం ఆమెకు మాటసాయమూ, అర్ధరాత్రి కేక వేసి పిలిచే గొంతూ అవుతుంది.

పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రికి నర్సింగ్ కేంద్రమే. డబ్బు చాలకపోతే గదిలో, ఏసీలో, ఊరికి దూరంలో రాజీ పడవచ్చు. రాత్రి సిబ్బంది విషయంలో రాజీ పడకూడదు. డెబ్బై ఏళ్ళు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా అయిదు లక్షల రూపాయల వరకు ఆస్పత్రి చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. చేర్చే ముందే కార్డు తీసుకుని, కేంద్రానికి దగ్గర్లో ఏ ఆస్పత్రి ఆ జాబితాలో ఉందో రాసి పెట్టుకోండి. ఆశ్రమం ఖర్చుకు అది వర్తించదు.

డబ్బు కట్టలేనివారు జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయాన్నో, వృద్ధుల హెల్ప్‌లైన్ అయిన 14567 ఎల్డర్‌లైన్‌నో అడిగితే ప్రభుత్వ, గ్రాంటు ఆశ్రమాల వివరాలు చెబుతారు. పిల్లలు ఉండి చూడకపోతే ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెలకు పదివేల రూపాయల వరకు పోషణ ఇప్పించే అధికారం 2007 చట్టం ఆ ట్రిబ్యునల్‌కు ఇచ్చింది.

విదేశాల్లో ఉన్న పిల్లలకు చెప్పవలసింది వేరు. వాట్సాప్‌లో రోజూ వచ్చే ఫొటోలో అమ్మ కొత్త చీర కట్టుకుని నవ్వుతూ ఉంటుంది. ఆ ఫొటో పగలు పదకొండింటిది. ఊళ్ళో ఉన్న పిన్ని కొడుకో, స్నేహితుడో నెలకొకసారి రాత్రి ఎనిమిదిన్నరకు, చెప్పకుండా వెళ్ళి, వీపు మీద, పిర్రల మీద, మడమల మీద చర్మం ఎర్రబడిందేమో చూసి, బరువు పుస్తకంలో చివరి అంకె ఫొటో తీసి పంపే ఏర్పాటు చేసుకోండి. రాత్రిపూట ముందుగా చెప్పకుండా రాకూడదన్న నిబంధన ఉన్న ఆశ్రమంలో, ఎంత అందంగా ఉన్నా, చేర్చకపోవడమే మంచిది. పడుకునేవారికి ఇబ్బంది అన్న కారణం సబబుగానే వినిపిస్తుంది. నెలకు ఒక్కసారి, ఒక్క మనిషికి, తన తల్లి గదిలోకి వెళ్ళడానికి ఆ కారణం చాలదు.

ఒప్పందం, మొదటి నెల

డిపాజిట్ ఎంత, మధ్యలో తీసుకెళ్తే ఎన్ని రోజుల్లో ఎంత తిరిగి ఇస్తారు, ఏటా ఎంత శాతం పెంచుతారు, ఏ పరిస్థితిలో 'తీసుకెళ్ళండి' అనే హక్కు వారికి ఉంది, ఎన్ని రోజుల గడువు ఇస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి. ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధార్మిక సంస్థ నడిపే ఆశ్రమంలో అరవై దాటినవారికి వసతి, భోజనం, నిర్వహణ కలిపి నెలకు 25,000 రూపాయల వరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. ట్రస్టు పేరుతో నడుస్తూ ఆ లోపు మొత్తానికీ జీఎస్టీ వేస్తే ఎందుకని అడగండి. అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే తోడు ఎవరు వెళ్తారు, ఆ మనిషి వెళ్ళాక ఆశ్రమంలో డ్యూటీకి ఎవరు మిగులుతారు అన్న రెండో భాగాన్ని కూడా అడగాలి. మరణం సంభవిస్తే పిల్లలు వచ్చేదాకా ఏం చేస్తారన్న ప్రశ్న నోటికి రాదు. అయినా అడగాలి, మంచి ఆశ్రమాల దగ్గర దానికి సిద్ధంగా సమాధానం ఉంటుంది.

వీలైతే మొదటి నెలను ప్రయత్నంగా, డిపాజిట్ లేకుండా ఉంచమనండి. చేర్చేటప్పుడు ఒక ఫైలు ఇవ్వండి: చివరి డిశ్చార్జ్ సమ్మరీ, ప్రస్తుత మందుల జాబితా, పడని మందులు, ఏ చెవి వినపడదు, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు. చేరిన రోజు బరువు, చర్మం మీద అప్పటికే ఉన్న మచ్చలు, పుండ్లు ఇద్దరి సంతకాలతో రాసుకుంటే తరువాత వాదన ఉండదు. కొత్త చోటు కాబట్టి మొదటి వారం నిద్ర పట్టక, తిండి సహించక అలగడం సహజం, దాన్ని చూసి వెంటనే తీసుకొచ్చేయనక్కర్లేదు. నెల తిరిగేసరికి బరువు రెండు మూడు కిలోలు తగ్గినా, పగలంతా మగతగా ఉన్నా, ఒంటి మీద కమిలిన గుర్తులకు ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పినా, సిబ్బంది ఎదురుగా ఉంటే మాట్లాడడానికి జంకుతున్నా, ముందు మనిషిని బయటికి తీసుకురండి, డిపాజిట్ గురించి తరువాత మాట్లాడవచ్చు. కొట్టడం, కట్టేయడం లాంటివి కనిపిస్తే ఫొటోలు తీసి, అదే రోజు డాక్టరు చేత పరీక్ష చేయించి, 112కు గానీ 14567కు గానీ ఫోన్ చేసి, ఫిర్యాదు నకలు ఆర్డీవో కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.